పరస్పర అనుకూలత పరీక్షా సమావేశం: వక్తల ఎంపిక, ఆహ్వానం

1. పరిచయం

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, క్లుప్తంగా ఎన్‌ఎఫ్‌ఎస్, ఒక యంత్రంలోని ఫైళ్లను మరో యంత్రం తన సొంత ఫైళ్లలా వాడుకోవడానికి వీలు కల్పించే ప్రోటోకాల్. ఫైళ్లను ఉంచుకునే యంత్రం సర్వర్, వాటిని అడిగేది క్లయింట్. ఈ రెండింటినీ వేర్వేరు సంస్థలు తయారుచేస్తే, అవి కలిసి సరిగా పనిచేస్తాయా? దీన్ని తేల్చడానికి జరిపే సమావేశం గురించి, అందులో మాట్లాడే వక్తలను పిలిచే పద్ధతి గురించి ఈ భాగంలో తెలుసుకుందాం.

2. కలిపి పరీక్షించడం ఎందుకు?

పెద్దాపురంలో ఒక సహకార సంఘం ఉందనుకోండి. ఇద్దరు గుమస్తాలు రెండు కంప్యూటర్ల నుంచి ఒకే పద్దుల ఫైలు తెరిచారు. ఒకరు రాస్తున్నంతసేపు రెండోవారిని ఆపేది లాక్. ఇంతలో కరెంటు పోయి సర్వర్ ఆగింది. అది మళ్లీ మొదలైనప్పుడు లాక్ ఎవరిది? ఎన్‌ఎఫ్‌ఎస్ 4వ వెర్షన్ ప్రకారం సర్వర్ కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులో పాత క్లయింట్లు తమ లాక్‌లను తిరిగి పొందాలి, కొత్తగా ఎవరికీ లాక్ ఇవ్వకూడదు. ఈ నియమాన్ని సర్వర్ రాసినవారు ఒక విధంగా, క్లయింట్ రాసినవారు మరో విధంగా అర్థం చేసుకుంటే లాక్ తనదేనని ఇద్దరూ అనుకుంటారు. తెరమీద ఏ హెచ్చరికా కనిపించదు, ఒకరి పద్దు మాత్రం చెరిగిపోతుంది.

నియమావళి చదివినంత మాత్రాన ఇలాంటి తప్పు బయటపడదు. రెండు యంత్రాలనూ కలిపి చూడాలి. ఇంటర్నెట్ ప్రమాణాల విధానాన్ని వివరించే ఆర్‌ఎఫ్‌సి 2026, 1996లో వెలువడింది. ఒక ప్రమాణం ముందు దశకు చేరాలంటే, విడివిడిగా తయారై, కలిసి పనిచేసే కనీసం రెండు అమలులు ఉండాలని అది నిర్దేశించింది.

3. కనెక్టథాన్

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించింది. 2వ వెర్షన్ వివరాలు 1989లో, 3వ వెర్షన్ వివరాలు 1995లో ఆర్‌ఎఫ్‌సిలుగా వెలువడ్డాయి. ఇతర సంస్థలు కూడా దీన్ని అమలు చేయడంతో సన్ 'కనెక్టథాన్' అనే సమావేశాలు నిర్వహించింది. మార్కెట్లో పోటీపడే సంస్థల ఇంజనీర్లు తమ యంత్రాలు తెచ్చి, ఒకే చోట కలిపి పరీక్షించేవారు. అక్కడి పరీక్షల్లో ప్రాథమిక, సాధారణ, ప్రత్యేక, లాక్ అనే నాలుగు విభాగాలున్నాయి. వీటితో పాటు సాంకేతిక ప్రసంగాలు కూడా జరిగేవి.

4. వక్తను ఎలా ఎంచుకోవాలి?

మన సభల్లో ముఖ్య అతిథిని హోదా చూసి పిలవడం అలవాటు. నేనూ ఆ పొరపాటు చేశాను. ఉద్యోగంలో ఉండగా ఒక కళాశాలలో రెండు రోజుల పరీక్షా శిబిరం పెట్టాను. స్వాగతం, జ్యోతి ప్రజ్వలన, ప్రసంగం, శాలువా పూర్తయ్యేసరికి మొదటి పూట గడిచిపోయింది. చివర్లో చేయవలసిన లాక్ పరీక్షకు సమయం చాలలేదు. తర్వాత అదే ప్రయోగశాలలో ఇద్దరు విద్యార్థులు ఒకే ఫైలులో రాస్తే, ఒకరి నెలరోజుల పని పోయింది. ఆ అమ్మాయికి నేను చెప్పగలిగిన సమాధానం లేదు. కాబట్టి ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

అ) కోడ్ రాసినవారిని, పరీక్షించినవారిని, ప్రమాణం రూపకల్పనలో పాల్గొన్నవారిని పిలవాలి.
ఆ) సాధించిన విజయం కంటే ఇంకా తేలని చిక్కు గురించి చెప్పమని అడగాలి.
ఇ) ప్రసంగం పరీక్షల సమయాన్ని తినేయకూడదు.
ఈ) ఇతర సంస్థల ఉత్పత్తుల్లో కనబడిన లోపాలను వారి పేరుతో చెప్పకూడదని ముందే తెలపాలి. పరీక్షల్లో బయటపడినది గోప్యంగా ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఎవరూ తమ అసంపూర్తి పనిని తీసుకురారు.

5. నమూనా ఆహ్వానం

"అయ్యా / అమ్మా,
మా పరీక్షా సమావేశంలో సర్వర్ తిరిగి మొదలైనప్పుడు లాక్‌లను పునరుద్ధరించడంపై మీ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాం. ప్రసంగం 30 నిమిషాలు, ప్రశ్నలకు 15 నిమిషాలు. శ్రోతలంతా ఎన్‌ఎఫ్‌ఎస్‌పై పనిచేసేవారే, కనుక ప్రాథమిక పరిచయం అవసరం లేదు. మీకు ఇంకా అర్థంకాని అంశం ఉంటే దానితోనే మొదలుపెట్టండి. ప్రసంగ పత్రాన్ని బయట ప్రచురించవచ్చో లేదో తెలపండి. ప్రయాణ, వసతి ఖర్చులు మావి. మీ యంత్రాన్ని కూడా తెస్తే సంతోషిస్తాం."

చివరి వాక్యాన్ని గమనించండి. యంత్రంతో వచ్చిన వక్త ప్రసంగం ముగిశాక వెళ్లిపోరు, పరీక్షల్లో కూర్చుంటారు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సర్వర్ తిరిగి మొదలైనప్పుడు గడువు ఎందుకు ఇస్తుంది?
2. పరీక్షా ఫలితాలను గోప్యంగా ఉంచడం వల్ల పరీక్షలకు కలిగే మేలు ఏమిటి?
3. మీ ఊరి కార్యాలయంలో ఇద్దరు కలిసి వాడే ఒక ఫైలును ఉదాహరణగా తీసుకొని, దానిపై మాట్లాడగల వక్తకు పది వాక్యాల్లో ఆహ్వానం రాయండి.