పీపీఎఫ్‌ ఖాతా మార్చుకోవచ్చు.. మూసేయనక్కర్లేదు

కిరాణా వర్తకులు, దర్జీలు, మెకానిక్‌లు తదితర స్వయం ఉపాధి పొందేవారికి యజమాని జమచేసే భవిష్యనిధి ఉండదు. మలివయసు ఆసరా కోసం వీరిలో పలువురు పీపీఎఫ్‌ను ఆశ్రయిస్తుంటారు. దీనిపై వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను లేదు. అప్పుల కింద న్యాయస్థానం ఉత్తర్వులతో ఈ సొమ్మును జప్తు చేయడానికీ వీల్లేదు.

తపాలా కార్యాలయంలోని ఖాతాను బ్యాంకుకు మార్చుకునేందుకు నిబంధనలు అనుమతిస్తున్నాయి. పాతది ఉండగానే బ్యాంకులో మరొకటి తెరవడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. ఒకరి పేరిట ఒకే ఖాతా ఉండాలి.

బదిలీ ఇలా..

బ్యాంకు శాఖ పేరు, చిరునామాతో దరఖాస్తు నింపి, పాస్‌బుక్‌ జతచేసి తపాలా కార్యాలయంలో అందజేయాలి. సిబ్బంది ఖాతా వివరాల నకలు, నామినేషన్‌, నమూనా సంతకం పత్రాలతోపాటు నిల్వ మొత్తానికి చెక్కు లేదా డీడీని ఆ శాఖకు పంపుతారు. గుర్తింపు పత్రాలు పరిశీలించి బ్యాంకు కొత్త పాస్‌బుక్‌ ఇస్తుంది.

గడువు మారదు

బదిలీ అయినా పాత ఖాతాయే కొనసాగినట్లు లెక్క. 2014 జూన్‌లో ప్రారంభించిన ఖాతాకు 2030 మార్చితో 15 ఏళ్లు పూర్తవుతాయి. మధ్యలో బ్యాంకుకు మార్చినా ఈ గడువు మారదు.

ఏడాదికి కనీసం రూ.500, గరిష్ఠంగా రూ.1.5 లక్షలు జమచేయవచ్చు. నెలలో 5వ తేదీలోగా కడితే ఆ నెల వడ్డీ దక్కుతుంది. పాత పాస్‌బుక్‌ను అప్పగించే ముందే నకలు తీసుకోవాలి. కొత్త పాస్‌బుక్‌లో ప్రారంభ తేదీ, నిల్వ సరిగా నమోదయ్యాయో లేదో సరిచూసుకోవాలి.