చెప్పుకుంటే తీరే బాధేనా?

‘లోపల పెట్టుకోకు, చెప్పేసెయ్, తేలికపడతావు.’ ఆప్తులు అనే ఈ మాటనే 1980లలో అమెరికాలో ఒక పద్ధతిగా మలిచారు. అగ్నిమాపక దళంలోనూ, అంబులెన్సులోనూ పనిచేసిన జెఫ్రీ మిచెల్ 1983లో దాన్ని ప్రచురించాడు. ఘోర ప్రమాదం చూసొచ్చిన సిబ్బందిని రెండు మూడు రోజుల్లోపే కూర్చోబెట్టి ఏం చూశారు, ఏమనిపించింది, అందులో అన్నిటికన్నా భరించలేనిది ఏది అని వరసగా అడగాలి. ఏడు దశలు, ఒకే విడత. పేరు డీబ్రీఫింగ్. ఖర్చు తక్కువ, ఉద్దేశం మంచిది కాబట్టి త్వరగానే పాకింది. పాల్గొన్నవాళ్లలో చాలామంది మేలు జరిగిందనే అన్నారు.

మేలు జరిగిందనిపించడం వేరు, జరగడం వేరు. ఆ తేడా తేలాలంటే చీటీ తీసినట్టు కొందరికి డీబ్రీఫింగ్ చేసి, కొందరికి చేయకుండా వదిలేసి, నెలల తర్వాత ఇరువర్గాలనూ పోల్చాలి. వేల్స్‌లో జొనాథన్ బిసన్ బృందం కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారి మీద ఆ పని చేసింది. ఫలితాలు 1997లో వచ్చాయి. జరిగిపోయిన ఘటన పీడకలగా, ఉలికిపాటుగా వెంటాడే జబ్బు పీటీఎస్‌డీ. పదమూడు నెలల తర్వాత చూస్తే అది డీబ్రీఫింగ్ జరిగినవారిలో 26 శాతం మందికి ఉంది, జరగనివారిలో 9 శాతం మందికే! మొదటి వర్గంవారి గాయాలు మొదటే కాస్త తీవ్రమైనవి కాబట్టి నేరమంతా డీబ్రీఫింగ్ మీద మోపలేం. కానీ 2002లో కోక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసినా మేలు కనబడలేదు. బాధితులకు దీన్ని తప్పనిసరి చేయడం మానాలని ఆ సమీక్ష తేల్చిచెప్పింది. ఇది శిక్షణ పొందిన బృందాల కోసం పెట్టింది, ఒంటరి రోగుల కోసం కాదని సమర్థకులు అభ్యంతరపెట్టారు. అందులో న్యాయం లేకపోలేదు. అయితే బృందాలకు పనికొస్తుందని రుజువు చూపాల్సిన బాధ్యత కూడా వాళ్లదే.

విచిత్రమేమిటంటే, పీటీఎస్‌డీకి బాగా పనిచేసే చికిత్సల్లో ఒకటి కూడా చెప్పించేదే. ఎడ్నా ఫోవా రూపొందించిన ‘ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్’లో రోగి కళ్లు మూసుకుని, ఆ ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు బయటికి చెబుతాడు. దాన్ని రికార్డు చేస్తారు. ఇంటికెళ్లి రోజూ వినాలి. సెషన్ గంటన్నర, అలాంటివి పది దాకా. మొదట్లో గుండె దడదడలాడుతుంది. వినగా వినగా భయం పదును తగ్గి, జ్ఞాపకం జ్ఞాపకంగానే మిగులుతుంది. డీబ్రీఫింగ్ గాయాన్ని కెలికి, ఆ భయం చల్లారకముందే ఇంటికి పంపేస్తుందేమోనని కొందరి అనుమానం. పైగా మొదటి వారాల కలవరం చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది.

ఈ చికిత్సా సర్వరోగ నివారిణి కాదు. 2007లో అమెరికా మహిళా సైనికులు, మాజీ సైనికుల మీద వెలువడిన అధ్యయనంలో దీనివల్ల 41 శాతం మంది పీటీఎస్‌డీ నుంచి బయటపడ్డారు. మరో రకం కౌన్సెలింగ్‌లో అది 28 శాతం. సగానికి పైగా బయటపడనేలేదన్నది మరిచిపోకూడదు. అసలు డాక్టరు దాకా వచ్చేవాళ్లే తక్కువ. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలకు వెళ్లిన దళాల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, మానసిక సమస్య ఉన్నవారిలో సాయం కోరింది 23 నుంచి 40 శాతమే. పిరికివాడనుకుంటారన్న జంకు సమస్య ఉన్నవాళ్లలోనే ఎక్కువ.

అందుకే బ్రిటన్ రాయల్ మెరైన్స్ పద్ధతి ‘ట్రిమ్’ నాకు నచ్చుతుంది. దీనికి డాక్టరు అక్కర్లేదు. శిక్షణ పొందిన తోటి సైనికుడే ఘటన జరిగిన మూడు రోజులకు వచ్చి మాట్లాడతాడు. నిద్ర, మందు, కోపం, తప్పు నాదేనన్న భావం ఎలా ఉన్నాయో గమనిస్తాడు. గుండె విప్పమని బలవంతం చేయడు. నెల తర్వాత మళ్లీ వచ్చి అవే చూస్తాడు. తగ్గుముఖం పట్టకపోతే, అప్పుడు డాక్టరు దగ్గరికి పంపిస్తాడు.