వార్తాపరీక్ష: రాజకీయార్థిక వార్తల గుణనిర్ణయమునకు కొన్ని ప్రమాణములు

పాత వార్తాపత్రికలను ఆధారములుగా గ్రహించుట నేటి పరిశోధకులకు సర్వసాధారణమైన విషయము. ఒక శాసనము లభించినచో దానిని ఎవరు వేయించిరి, ఏ సందర్భమున వేయించిరి, అందు ప్రశస్తి యెంత, యథార్థ మెంత యని మనము విచారింతుము. ఒక తాళపత్రప్రతి దొరకినచో ప్రత్యంతరములతో పోల్చి చూతుము. కాని పత్రికలోని వార్తను మాత్రము తేదీతో ఉదాహరించి, అంతటితో విషయము సిద్ధించినట్లు భావింతుము. ఒక శీర్షిక ఒక సిద్ధాంతవ్యాసమున కెక్కి, అందుండి మరియొక వ్యాసమునకు ప్రాకి, మూడవ తరమునాటికి చరిత్రగా నిలుచుట అసంభవము కాదు. అదియునుగాక మనయొద్ద చదువుకొను విద్యార్థులు ఓటర్లు కూడ. వారు రేపు ఉదయమున చదువబోవు వార్తను తూచుకొనుటకు తగిన తూనికరాళ్లను వారికి ఇచ్చుట బోధకుల ధర్మము. కావున రాజకీయార్థిక వార్తల మంచిచెడ్డలను నిర్ణయించుటకు పనికివచ్చు కొన్ని ప్రమాణములను ఈ వ్యాసమున వివరింప యత్నింతుము.

మొట్టమొదట రెండు విషయములను వేరుపరచుకొనవలయును. వార్తయొక్క గుణము వేరు, న్యాయము వేరు. పేర్లు, తేదీలు, అంకెలు సరిగా నుండుట, ఆధారము తెలుపబడుట, పూర్వాపరసందర్భము చూపబడుట గుణమునకు సంబంధించినవి. వివాదమునందలి పక్షములన్నిటి యెడల ఒకే కొలమానమును వాడుట న్యాయమునకు సంబంధించినది. ఒక నాయకుడు గంటసేపు చేసిన ఉపన్యాసమునుండి నోరుజారిన ఒక్క వాక్యమును మాత్రము పెద్దయక్షరములతో అచ్చువేసినచో, ఆ వాక్యము అక్షరాల నిజమే కావచ్చును. కాని వార్త న్యాయమైనది కాదు. ఇరుపక్షముల మాటలను చెరి పది పంక్తులుగా పంచి, వానిలో ఏది నిజమో విచారింపక విడిచినచో, ఆ వార్త పైకి న్యాయముగా కనబడును; కాని గుణము తక్కువ. ఈ రెండింటిని కలగాపులగము చేయుటచేతనే మన తీర్పులు తరచు తప్పుదారి పట్టుచున్నవి.

వార్త యనునది, మన తార్కికుల పరిభాషలో, శబ్దప్రమాణము. మనము స్వయముగా చూడని విషయమును మరియొకని మాటవలన తెలిసికొనుచున్నాము. అట్టి మాట ప్రమాణము కావలెనన్న చెప్పువాడు ఆప్తుడు కావలయునని నైయాయికులు నియమించిరి. విషయమును ఉన్నదున్నట్లు ఎరిగియుండుట, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరుట ఆప్తలక్షణములు. ఈ రెండు లక్షణములే వార్తకు తొలి పరీక్ష. ఈ వార్త చెప్పినవా డెవడు? అతడు దాని నెట్లు ఎరిగెను? దానిని మనము నమ్ముటవలన అతనికి గల ప్రయోజన మేమి? ‘విశ్వసనీయవర్గాల కథనం’, ‘అని తెలియవచ్చింది’, ‘అని భోగట్టా’ వంటి పదబంధములు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పించుకొను మార్గములు. ప్రాణభయముచేతనో, ఉద్యోగభయముచేతనో పేరు దాచవలసిన సందర్భము లుండుట నిజమే. అట్టిచో పేరు దాచుటకు కారణమైనను చెప్పుట ఉత్తమపత్రికల పద్ధతి. కారణము లేకయే నిత్యము వర్గములపై భారము మోపు పత్రిక ఆప్తత్వమును కోల్పోవును.

అయితే ఆప్తుడు కాదలచినవాడు కూడ తెలియకయే అనాప్తుడగుట కలదు. దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము అమెరికాలో జరిగిన ఒక పరిశీలన. వాల్టర్ లిప్‌మన్, ఛార్లెస్ మెర్జ్ అను ఇరువురు రష్యా విప్లవమును గూర్చి న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1917 మార్చి మొదలు 1920 మార్చి వరకు ప్రకటించిన వార్తలను వరుసగా చదివి, 1920 ఆగస్టులో న్యూ రిపబ్లిక్ పత్రికకు అనుబంధముగా తమ నిర్ణయములను వెలువరించిరి. వారు అవలంబించిన మార్గము గమనింపదగినది. వివాదాస్పదములైన విషయములను వారు ముట్టలేదు. ఫలితము అందరికిని తెలిసిపోయిన సంఘటనలను మాత్రము తీసికొని, వానిని గూర్చి నాడు వచ్చిన వార్తలను ఫలితముతో సరిపోల్చిరి. బోల్షెవిక్ ప్రభుత్వము కూలినదనియో, కూలబోవుచున్నదనియో ఆ పత్రిక 91 పర్యాయములు సూచించినట్లు వారు లెక్కించిరి. ఆ ప్రభుత్వము కూలలేదు. విలేఖరుల మనస్సులలోను, సంపాదకుల మనస్సులలోను ఉన్న ఆశ, భయము ఈ రెండే ముఖ్యకారణములని వారు తేల్చిరి. దీనిలో కుట్ర కంటె కోరికయే ఎక్కువ.

ఈ పరిశీలనవలన మనకు ఒక సూత్రము లభించుచున్నది. పొరపాటు ఇరువైపులకును ఒరగును. పక్షపాతము ఒకే వైపునకు ఒరగును. రాత్రి పొద్దుపోయిన తరువాత చేరిన తంతివార్తను గడియలో దిద్ది అచ్చునకు పంపువాడు తప్పు చేయుట సహజము. ఒక్క తప్పును పట్టుకొని పత్రికను దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. కాని పది తప్పులు జరిగి, పదియు ఒకే పక్షమునకు లాభించినచో దానిని పొరపాటనుటకు వీలులేదు. కనుక ఒక వార్తను చూచి పత్రికను నిర్ణయింపరాదు. వార్తల పరంపరను చూడవలయును.

ఇక మన ప్రాంతమునుండి ఒక ఉదాహరణము. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినవి. కాంగ్రెసు తన మిత్రపక్షములతో ఐక్యసంఘటనగా ఏర్పడి కమ్యూనిస్టుపార్టీని ఎదిరించినది. మొత్తము 196 స్థానములలో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. కాని పోలైన ఓట్లలో వారికి సుమారు 31 శాతము లభించినవి. ‘కమ్యూనిస్టులు తుడిచిపెట్టుకొని పోయిరి’ యని ఒకరు వ్రాయవచ్చును. స్థానముల లెక్క వారికి సాక్ష్యము పలుకును. ‘ముగ్గురిలో ఒకరికి కొంచెము తక్కువగా ప్రజలు కమ్యూనిస్టులనే కోరిరి’ యని మరియొకరు వ్రాయవచ్చును. ఓట్ల లెక్క వారి పక్షమున నిలుచును. రెండు వాక్యములును నిజములే. ఏ యొక్కటి ఒంటరిగా నిలిచినను పాఠకునకు అన్యాయము జరుగును. ప్రత్యర్థుల ఓట్లు చీలకుండుటచేత స్థానములకు, ఓట్లకు నడుమ ఇంత దూర మేర్పడినదను మూడవ వాక్యమును కూడ చేర్చినపుడే వార్త పూర్తియగును. అర్ధసత్యమునకు మందు అసత్యమును ఖండించుట కాదు, తక్కిన యర్ధమును చేర్చుట.

ఆర్థికవార్తల యందు ఈ చిక్కు ఇంకను హెచ్చు. అంకెలు కనబడగనే పాఠకుడు సందేహించుట మానును. 2015 జనవరి 30వ తేదీన కేంద్ర గణాంక కార్యాలయము స్థూల దేశీయోత్పత్తిని గణించు పద్ధతిని మార్చి, ఆధారసంవత్సరమును 2004-05 నుండి 2011-12కు జరిపెను. అంతవరకు 4.7 శాతముగా చెప్పబడుచుండిన 2013-14 సంవత్సరపు అభివృద్ధిరేటు ఆ దినమున 6.9 శాతమైనది. ఆ సంవత్సరమున పొలములలో పండిన పంటగాని, కార్మాగారములలో తయారైన సరకుగాని ఒక్క రాత్రిలో మారలేదు, మారినది కొలబద్ద. పాత కొలబద్దతో కొలిచిన ఏటిని కొత్త కొలబద్దతో కొలిచిన ఏటితో పోల్చి, ‘అభివృద్ధి దూసుకుపోయినది’ అనిగాని, ‘ప్రభుత్వము అంకెలను సృష్టించినది’ అనిగాని వెంటనే తీర్పుచెప్పిన వార్త గుణహీనము. పద్ధతి ఏల మారినది, దానిపై నిపుణుల ఆక్షేపణము లేవి, సమర్థనము లేవి యని చెప్పినదే మేలైన వార్త.

ద్రవ్యోల్బణ విషయమును చూతము. నిరుడు 100 రూపాయలున్న వస్తువు ఈయేడు 108 రూపాయలై, మరుసటియేడు 112 రూపాయలైనచో ద్రవ్యోల్బణము తగ్గినది. ధర మాత్రము పెరిగినది. ‘ద్రవ్యోల్బణము తగ్గుముఖము’ అను వార్తకు ‘దిగివచ్చిన ధరలు’ అను శీర్షిక పెట్టుట అచ్చముగా అసత్యము. అట్లే, 2022 మే 4వ తేదీన రిజర్వుబ్యాంకు తన రెపోరేటును 4.00 శాతమునుండి 4.40 శాతమునకు పెంచెను. దీనిని 0.40 పాయింట్ల పెరుగుదల యనవచ్చును. ఉన్న రేటులో పదవవంతు పెరిగినదనియు అనవచ్చును. మొదటిది చిన్నదిగా, రెండవది పెద్దదిగా వినబడును. ప్రభుత్వమును సమర్థించునపుడు ఒక లెక్కను, విమర్శించునపుడు వేరొక లెక్కను వాడు పత్రికను పసికట్టుట కష్టము కాదు. బడ్జెటు వార్తలలో మరియొక మోసము కలదు. బడ్జెటు పత్రములలో గతించిన యేటి వాస్తవవ్యయము, జరుగుచున్న యేటి తొలి అంచనా, దానికే సవరించిన అంచనా, రాబోవు యేటి అంచనా యని నాలుగు వరుస లుండును. రాబోవు అంచనాను ఏ వరుసతో పోల్చిరో చెప్పకుండ ‘కేటాయింపు ఇంత పెరిగినది’ యనుట అర్థము లేని మాట. సవరించిన అంచనా బాగుగ కోతపడినదైనచో, దానితో పోల్చినపుడు ఎంత స్వల్పమైన కేటాయింపైనను ఉదారముగా కనబడును.

తెలుగుభాషను అధ్యయనము చేయు మనకు ప్రత్యేకముగా చేతనైన పరీక్ష ఒకటి కలదు. అది క్రియల పరీక్ష. ఒకడు మాటలాడినాడనుటకు మన పత్రికలు ‘అన్నారు’, ‘చెప్పారు’, ‘స్పష్టం చేశారు’, ‘వెల్లడించారు’, ‘ఆరోపించారు’, ‘ఒప్పుకున్నారు’, ‘బుకాయించారు’ వంటి క్రియలను వాడుచున్నవి. వీనిలో మొదటి రెండే నిష్పక్షపాతములు. ‘స్పష్టం చేశారు’ అన్నచో చెప్పినది నిజమని పత్రిక ముద్రవేసినది. ‘ఆరోపించారు’ అన్నచో సందేహమును చేర్చినది. ‘ఒప్పుకున్నారు’ అన్నచో నేరము ముందే కలదని తేల్చినది. ప్రభుత్వపక్షము ఎల్లప్పుడు స్పష్టము చేయుచు, ప్రతిపక్షము ఎల్లప్పుడు ఆరోపించుచున్నచో, ఆ పత్రిక సంపాదకీయమును వార్తలోని క్రియలలోనే వ్రాసినదన్నమాట. గౌరవబహువచనము కూడ ఇట్టిదే. నేరము మోపబడిన కూలివాడు ‘వెళ్లాడు’, అట్టి నేరమే మోపబడిన నాయకుడు ‘వెళ్లారు’. ఇంగ్లీషులో కనబడని ఈ భేదము తెలుగులో ప్రతివాక్యము చివరను బయటపడును. నామపదముల సంగతియు నంతే. ప్రయాణపు రుసుము పెరిగినపుడు ఒకరికది ‘పెంపు’, మరియొకరికి ‘సవరణ’. అయితే అన్ని పదభేదములును పక్షపాతములు కావు. 2015లో అమరావతి ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన ‘భూసమీకరణ’, అంతకుముందునుండి ఉన్న ‘భూసేకరణ’ వేర్వేరు పద్ధతులు. మొదటిదానిలో భూమినిచ్చినవారికి అభివృద్ధిచేసిన స్థలములో కొంత వాటా తిరిగి లభించును; రెండవదానిలో చట్టప్రకారము నష్టపరిహారము లభించును. ఈ రెంటిని ఒకటిగా వ్రాయుట అజ్ఞానము. వీనికి మారుగా ‘భూత్యాగము’ అనియో ‘భూదోపిడి’ అనియో వార్తలో వ్రాయుట పక్షపాతము.

న్యాయమునకు మన శాస్త్రసంప్రదాయముననే చక్కని కొలత కలదు. సిద్ధాంతమును స్థాపించువాడు మొదట పూర్వపక్షమును చెప్పవలయును. అదియు ప్రతివాది ‘నా మాట ఇదియే’ యని అంగీకరించునంత నిండుగా చెప్పవలయును. వార్తకు కూడ ఇదియే పరీక్ష. విమర్శకు గురియైన పక్షమువాడు చదివి, ఫలితమును నిందించినను, తన వాదము తనదిగా గుర్తింపగలుగుచున్నాడా? ఇందుకు సమానస్థలము పంచుట చాలదు. నిరూపితమైన విషయమునకు, నిరాధారమైన మాటకు సమానముగా చోటిచ్చినచో న్యాయము జరిగినట్లు కాదు.

వార్త వెనుక ధనము నిలిచినపుడు పై పరీక్షలన్నియు తలక్రిందులగును. 2009 లోక్‌సభ ఎన్నికల పిదప, అభ్యర్థులు డబ్బిచ్చి వార్తలు వ్రాయించుకొనిరను ఆరోపణలను విచారించుటకు భారత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించెను. ఆ ఉపసంఘపు నివేదిక పూర్తిపాఠము, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన పిమ్మట, 2011లో గాని అధికారికముగా వెలువడలేదు. ఒకే వ్యాసము వేర్వేరు పత్రికలలో అవే మాటలతో వచ్చుట, ఒకే పత్రిక ఒకే దినమున పరస్పర ప్రత్యర్థులిద్దరికిని విజయము తథ్యమని వ్రాయుట ఇట్టి వార్తలకు గుర్తులు. ప్రతిలిపులను పోల్చి మూలమును నిర్ణయించు మన పాఠపరిష్కర్తల నేర్పు ఇచ్చట నేరుగా పనికివచ్చును.

పరిశోధకవిద్యార్థులకు మేము సూచించు క్రమ మిది. ఫలితము తెలిసిన ఒక సంఘటనను ఎన్నుకొనవలయును. భిన్నాభిప్రాయములు గల రెండు మూడు పత్రికలను, నిర్ణయించుకొన్న కాలమునకు ఒక్క సంచికయు విడువక చదువవలయును. శీర్షికను వార్తతోను, వార్తను శాసనసభాచర్చలు, ఎన్నికల గణాంకములు, బడ్జెటు పత్రముల వంటి మూలములతోను పోల్చవలయును. తప్పును దిద్దుకొన్న సవరణ ఏ పుటలో, ఎన్ని దినములకు వచ్చినదో గుర్తింపవలయును. ఏ పత్రికయు వ్రాయని విషయమును కూడ వెదకవలయును. మౌనమునకు తేదీ ఉండదు గనుక దానిని పట్టుట కష్టము. అన్నిటికంటె ముఖ్యము, పరీక్షానియమములను చదువుటకు ముందే వ్రాసికొని, అవే సంచికలను తనతో ఏకీభవింపని సహాధ్యాయిచేత కూడ చదివించి, ఇరువురి లెక్కలను పోల్చుకొనుట. ఏలయన, మనకు నచ్చిన పత్రికలోని తప్పు పొరపాటుగాను, నచ్చని పత్రికలోని తప్పు పక్షపాతముగాను తోచుట మానవస్వభావము. లిప్‌మన్, మెర్జ్‌లు విలేఖరులయందు కనుగొన్న ఆశాభయములు పాఠకునియందును కలవు.

ఈ ప్రమాణములు సంపూర్ణములని మేము చెప్పము. ఇవి తీర్పును మన చేతికి ఇయ్యవు; తొందరపాటు తీర్పును మాత్రము ఆపగలవు. ఒక పత్రికపై పరిశోధనము చేయనెంచిన విద్యార్థి మొదటి పరీక్షను తాను ప్రతిదినము ఇష్టముగా చదువు పత్రికతోనే ప్రారంభించినచో, తక్కినవానిని పరీక్షించుటకు అర్హత యేర్పడును.