18 ఏళ్లకే భర్త మృతి, ఒడిలో పసిపాప.. దేశపు తొలి మహిళా ఇంజినీర్ మన తెలుగమ్మాయే!

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఇవాళ అమ్మాయిల కోసం ప్రత్యేకంగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరతానంటే ఎవరూ ప్రత్యేక పర్మిషన్ అడగరు. కానీ 1940లో పరిస్థితి అలా లేదు. అప్పుడు ఆ తలుపు తీసింది ఓ తెలుగు మహిళ. పేరు అయ్యలసోమయాజుల లలిత.

ఎవరీ లలిత?
1919 ఆగస్టు 27న మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. 15 ఏళ్లకే పెళ్లయింది. 18 ఏళ్లకు కూతురు పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండాయో లేదో, భర్త చనిపోయారు. ఆ రోజుల్లో వితంతువు అంటే ఇంట్లో ఓ మూలకు పరిమితం. లలిత మాత్రం మళ్లీ పుస్తకం పట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ పూర్తి చేశారు.

ఇంజినీరింగే ఎందుకు?
డాక్టర్ కోర్సులో అప్పటికే ఆడవాళ్లు ఉన్నారు. కానీ వేళాపాళా లేని డ్యూటీలైతే పాపని చూసుకోవడం కష్టం. అందుకే టైమ్ ప్రకారం ఇంటికి రాగలిగే ఉద్యోగం కావాలనుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయనే ప్రిన్సిపాల్ చాకోతో, ప్రభుత్వ విద్యాధికారితో మాట్లాడి ఒప్పించారు. అలా 1794లో మొదలైన ఆ కాలేజీలోకి తొలిసారి ఓ అమ్మాయి అడుగుపెట్టింది. తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ బ్రాంచ్‌లో చేరారు. అప్పటిదాకా సర్టిఫికెట్లు మగవాళ్ల కోసమే అచ్చయ్యేవి. దాంతో ‘అతను’ అన్న మాట కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చిందట!

ఉద్యోగంలో ఏం చేశారు?
జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ట్రైనింగ్, తర్వాత సిమ్లాలో ప్రభుత్వ కొలువు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ ఆమె పని. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, సైంటిస్టుల సదస్సుకూ వెళ్లారు.

ఇది మన దగ్గరే జరిగిందా?
కాదు. ఫిన్లాండ్‌లో 1890లో ఆర్కిటెక్ట్ అయిన సిగ్నే హార్న్‌బోర్గ్‌కి కూడా ప్రత్యేక అనుమతితోనే సీటు దొరికింది. ఆమె తర్వాత వచ్చిన వివి లోన్ అయితే సొంతంగా ఆఫీస్ పెట్టి స్కూళ్లు, టాంపెరె నగరంలో ఫైర్ స్టేషన్ డిజైన్ చేశారు. దేశాలు వేరైనా గేటు దగ్గర అడ్డు ఒక్కటే. ఒకరికి పర్మిషన్ ఇస్తే, వెనకాలే ఇంకొందరు వచ్చారు.

మనం గుర్తుంచుకోవాల్సింది ఏంటి?
లలిత ఒక్కరి పట్టుదలతోనే ఇదంతా కాలేదు. తండ్రి వెనక నిలబడ్డారు, ప్రిన్సిపాల్ సరే అన్నారు. కలకత్తాలో ఉద్యోగం చేస్తుంటే పాపని చూసుకోవడానికి బంధువులు తోడున్నారు. చిన్న వయసులోనే పెళ్లయి చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఇప్పటికీ మన చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లకి కావాల్సిందీ అదే.. ఇంట్లో ఒక్కరైనా ‘చదువుకో అమ్మా’ అనడం. లలిత 1979లో, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.