ఉప్పుకాగితము

పండుగ సమీపించగానే తలుపులకును కిటికీలకును రంగు వేయించుట మన యిండ్లలో ఆచారము. అంతకుముందు పాతరంగును, కొయ్య గరుకును ఒరసి తీయునది ఉప్పుకాగితము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో నిది స్వల్పవెలకే దొరకును. పనివాడు తెచ్చినదే చాలునని గృహిణి యూరకుండరాదు. ఏ రకము దేనికి తగునో యెఱిగినచో పని చక్కబడుటయే కాక బిడ్డల ఆరోగ్యమునకు రక్షణయు కలుగును.

పేరున ఉప్పున్నను కాగితమున ఉప్పు లేదు. కఱకు పలుకులను జిగురుతో గట్టి కాగితముపై అతికింతురు. పూర్వము గాజుపొడి విశేషముగా వాడెడివారు. అది త్వరగా అరిగిపోవును. గార్నెట్ అను ఎఱ్ఱని ఖనిజము కొయ్యపనికి మేలు. నవరత్నములలోని గోమేధికము ఈ జాతిదే. శ్రీకాకుళపు సముద్రతీరపు టిసుకలోను గార్నెట్ కలదు. ఎమరీ యనునది కురువిందమును ఇనుపఖనిజమును కలిసిన రాయి. లోహములను మెఱుగుపెట్టుటకు తగినది. మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు పేరుపొందినది గదా. బియ్యమును తెల్లబఱచు యంత్రముల రాతిచక్రములకును ఎమరీని వాడుదురు. కెంపును నీలమును కురువిందజాతివే. వజ్రపు కాఠిన్యము 10 అయినచో దీనిది 9. నేడు బాక్సైటునుండి విద్యుత్కొలుములలో కృత్రిమ కురువిందమును తయారుచేసి, కొయ్యకును లోహమునకును వాడుచున్నారు. అంతకంటెను కఠినమైనది సిలికాన్ కార్బైడు. దీనిని 1891లో అమెరికాలో అచెసన్ అను నతడు కనుగొనెను. నీటికి చెడని నల్లకాగితము సాధారణముగా దీనితో చేసినదే.

కాగితము వెనుక అంకె యుండును. అంకె పెరిగినకొలది పలుకు సన్నమగును. పెచ్చులూడిన రంగునకు 60 లేక 80, తరువాత 120, తుదిమెఱుగునకు 220 వాడవలెను. కొయ్యను చారవెంబడియే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు వేసినను కానవచ్చును.

ఇక ముఖ్యవిషయము. పాతరంగులలో సీసము ఉండవచ్చును. ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినచో లేచు ధూళి నేలపై పడును. ప్రాకు బిడ్డల చేతులనుండి నోటికి చేరును. సీసము పసివారి మెదడునకు హాని చేయును, గర్భిణులకును కీడే. కావున పాతరంగునకు నీటికాగితమునే తెప్పించి, తడిపి రుద్దించుడు. బిడ్డలను, గర్భిణులను ఆ గదికి రానీయకుడు. తిండిసామగ్రిని దూరముగా నుంచుడు. చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడిపించి, ఆ గుడ్డను వంటింటికి చేర్చక పాఱవేయుడు. కొయ్య బాగుగా ఆరిన పిమ్మటనే క్రొత్తరంగు వేయింపవలెను.