ఇంటి ముంగిట పచ్చిక

ఇంటిముందు నాలుగు గజముల నేల కలిగిన గృహిణికి అందు పచ్చదనమును చూడవలెనను కోరిక సహజము. పూర్వము మన వాకిళ్లలో కళ్లాపియు ముగ్గును, పెరటిలో తులసికోటయు, మల్లెపందిరియు, కరివేపచెట్టును ఉండెడివి. పచ్చికబయలన్నది ఊరి వెలుపల పశువులు మేయుచోటు. ఇప్పుడు కాలము మారినది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో కర్మాగారములతోపాటు కొత్త యిండ్లును వరుసలుగా లేచినవి. మా కంది 2016వ సంవత్సరమున మండలకేంద్రమైనది. హైదరాబాదు ఐ.ఐ.టి. విద్యాలయము ఇక్కడనే కలదు. కొత్తగా ఇల్లు కట్టుకొన్న సోదరీమణులు పెక్కురు, ముందు లాను లేనిదే ఇంటికి నిండుదనము రాదని తలంచుచున్నారు. ఆ తలంపు తప్పని మేమనము. కాని ఎప్పుడు, ఎట్లు, ఎంతమేర అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక పనికి పూనుకొన్నచో ధనమును, అంతకంటె విలువైన నీటిని పోగొట్టుకొందుము. ఈ మాటను అనుభవముమీదనే చెప్పుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట ఇంగ్లీషు తోటపని పుస్తకమొకటి మా చేతికి వచ్చినది. పచ్చిక పరచుటకు వసంతకాలము తగినదని అందు వ్రాసియుండెను. వసంతమనగానే మాకు ఉగాది తోచినది. పండుగ వెళ్లిన వారమునకే నర్సరీనుండి గడ్డిచాపలు తెప్పించి నూరు గజముల మేర పరపించితిమి. మా అత్తగారు చూచి, "మిరుగం రానియ్యరాదమ్మా? చేను గట్టుమీద గరికనే ఎండిపోతున్నది, ఇది బతుకుతదా?" అనిరి. పెద్దవారి మాట చాదస్తమని మేము నవ్వి యూరకుంటిమి.

పదిదినములు పచ్చిక కన్నులపండువుగా నుండెను. తరువాత అంచులు పసుపుపచ్చనై, చాపలు ముడుచుకొని, నడుమ సందులు విచ్చినవి. ఉదయమును సాయంకాలమును నీరు పెట్టించితిమి. వైశాఖము వచ్చుసరికి మా బోరు సన్నగిల్లినది. ఒకనాటి సాయంకాలము మేము గొట్టముతో గడ్డి తడుపుచుండగా వీధిచివర నుండు ఒక స్త్రీ బిందె పట్టుకొని వచ్చి, "అమ్మా, గడ్డికి పోసే నీళ్లల్ల రెండు బిందెలు మాకియ్యుండ్రి" అని అడిగెను. బిందెలు నింపి యిచ్చితిమి గాని, నాడు కలిగిన సిగ్గు నేటికిని మరపునకు రాలేదు. రోహిణికార్తె నాటికి ఆ పచ్చికయంతయు ఎండుగడ్డియైనది.

పిమ్మట ఆలోచింపగా తప్పు పుస్తకముది కాదని తెలిసినది. శీతల దేశములలో వసంతమనగా మంచు కరగి, నేల వెచ్చబడి, ఎండ మృదువుగా నుండి, అప్పుడప్పుడు జల్లులు పడు కాలము. కొత్తగా పరచిన గడ్డికి వేళ్లు పైపైననే యుండును. ఆ వేళ్లు నేలలోనికి దిగువరకు తడి ఆరరాదు. ఇదియే అసలు సూత్రము. మన తెలంగాణమున వసంతము వేసవికి వాకిలి. ఇక్కడ ఏటికి కురియు 800, 900 మిల్లీమీటర్ల వానలో అధికభాగము జూను నుండి సెప్టెంబరు లోపలనే పడును. కాబట్టి వారి వసంతమునకు సరియైన కాలము మనకు జూను 8వ తేదీ ప్రాంతమున వచ్చు మృగశిరకార్తెయే గాని చైత్రము కాదు. అత్తగారు ఏ పుస్తకమును చదువకయే ఈ సూత్రమును చెప్పిరి.

నీటి లెక్కను కూడ సోదరీమణులు గమనింతురు గాక. నడివేసవిలో పచ్చిక దినమునకు 5, 6 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయును. అనగా చదరపు గజమునకు సుమారు 5 లీటర్లు. నూరు గజములకు 500 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో కొలిచిన 33 బిందెలు! రెండు నెలలకు 30,000 లీటర్లు. మన మంజీరా నీటికై జంటనగరములు సైతము ఎదురుచూచుచుండగా ఇంత నీటిని ఎండకు ధారపోయుట గృహిణికి తగునా?

అట్లని వసంతమున చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. చైత్రమున చేయవలసినది నేలను సిద్ధపరచుట. జానెడు లోతు త్రవ్వించి రాళ్లు ఏరించి, మట్టిని వేసవి యంతయు ఎండనీయవలెను. ఎండకు పురుగులును కలుపువేళ్లును చాలవరకు నశించును. తుంగగడ్డలను మాత్రము ఒక్కటొక్కటిగ ఏరి పారవేయవలెను. ఒక్క గడ్డ మిగిలినను అది పచ్చికను చీల్చుకొని పైకి వచ్చును. ఈ ప్రాంతమున ఎఱ్ఱనేలయు, నల్లరేగడియు రెండును కలవు. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రముననే ఈ రెండు నేలలును ప్రక్కప్రక్కన కనవచ్చును. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును; నీరు నిలిచి వేళ్లు కుళ్లును. అట్టిచోట ఎఱ్ఱమట్టియు ఇసుకయు కలిపి పైన నాలుగంగుళముల మందము పోయింపవలెను.

తొలకరికి ముందు చదరపు గజమునకు 4, 5 కిలోల చొప్పున బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి నేలను చదును చేయవలెను. వాననీరు గోడవైపు రాకుండ ఇంటినుండి వెలుపలికి కొంచెము వాలు ఉంచవలెను. తొలివానకు మొలచిన కలుపును పెరికి, రెండవ వాన పడిన తరువాత పచ్చిక వేయవలెను.

గడ్డిచాపలు తెప్పించినచో ఆనాడే పరవవలెను. దొంతరగా పేర్చి యుంచినచో లోపల వేడెక్కి కుళ్లును. నేలను తడిపి, గోడకు ఇటుకలు పేర్చునట్లు అతుకునకు అతుకు ఎదురుపడకుండ పరచి, బల్లతో అదిమి, సందులలో ఇసుకయు ఎరువును నింపవలెను. రెండు మూడు వారములు పిల్లలను దానిపై త్రొక్కనీయరాదు. పదునైదు దినములకు ఒక మూలను మెల్లగా ఎత్తి చూడుడు. లేవక పట్టుకొన్నచో వేరు దిగినదని గ్రహింపుడు. తరువాత నీటిని దినదినము పైపైన చల్లక, నాలుగు దినములకొకసారి నేల నానునట్లు పెట్టిన వేళ్లు లోతునకు పోవును. మొదటికోతలో గడ్డి ఎత్తున మూడవవంతుకంటె ఎక్కువ తీయరాదు.

చాపలకు ధనము వెచ్చింపలేనివారు చింతింపనక్కరలేదు. మన గరికయే చక్కని పచ్చిక. కణుపులున్న తీగలను తెచ్చి నాలుగంగుళముల కొకటిగ నాటిన రెండు మూడు మాసములలో నేలను కప్పును. కొరియను గడ్డి మెత్తగా, దట్టముగా నుండునుగాని వెల యెక్కువ, పెరుగుదల తక్కువ. చెట్టునీడలో గరిక బాగుగా పెరుగదు. వేపచెట్టు క్రింద పచ్చికకై పెనుగులాడుటకంటె ఒక అరుగు కట్టించుకొనుట మేలు.

బోరునీటిని పరీక్ష చేయించుట మరువరాదు. కర్మాగారముల వ్యర్థములచే ఈ ప్రాంతపు భూగర్భజలము చెడుట 1990లో సుప్రీముకోర్టు వరకు వెళ్లిన విషయము. ఉప్పునీరు పెట్టినచో నేలపై తెల్లని పొర కట్టి గడ్డికొసలు మాడును.

ఇక మేర సంగతి. రెండవసారి మేము మృగశిరలో ఇరువది గజములు మాత్రమే గరిక నాటించితిమి. మిగిలినచోట మల్లె, నిమ్మ, కరివేప వేసితిమి. వేసవిలో పది దినములకొకసారి తడుపుదుము. అప్పుడు గరిక గోధుమరంగునకు మారును, చూచినవారు చచ్చినదనుకొందురు. కాని దాని ప్రాణము నేలలోనున్న వేళ్లలో దాగియుండును. తొలకరి చినుకు తగులగానే మరల పచ్చబడును. ఎండకాలమున పచ్చిక ఎండియుండుట ఇంటికి అవమానము కాదని మేము నేర్చుకొంటిమి.

ఆ సంవత్సరము వినాయకచవితికి గరికకై బజారునకు పోనక్కరలేకపోయెను. బతుకమ్మ పండుగనాటికి పచ్చిక దట్టముగా అల్లుకొన్నది. వీధిలోని స్త్రీలందరు వచ్చి దానిచుట్టును, దానిమీదను ఆడి పాడిరి. బిందెతో వచ్చిన ఆ స్త్రీయు వారిలో నుండెను. అత్తగారు అరుగుపై కూర్చుండి చూచుచు, "మిరుగంల నాటితే గిట్లుంటది" అనిరి. ఈసారి మేము నవ్వలేదు.