అరవై కోట్ల పంటకు ఎంత పరిశ్రమ?

డిగ్రీలో మాత్రికలు చదివే రోజుల్లో, వీటివల్ల ఎవరికి అన్నం పుడుతుందా అనుకునేవాణ్ణి. ఎం.ఏ.లో లియాంటీఫ్ పాఠం దగ్గర నా సందేహం తీరింది. అదీ ఒక తప్పు చేసిన తర్వాతనే.

లెక్క ఇది. దేశంలో సేద్యం, పరిశ్రమ అని రెండే రంగాలున్నాయనుకోండి. రూపాయి పంట పండాలంటే 20 పైసల పంట విత్తనంగా, దాణాగా పోతుంది. 40 పైసల ఎరువు, డీజిలు కావాలి. రూపాయి పరిశ్రమ సరుకుకు 30 పైసల పత్తి, చెరకు, గోగునార, 10 పైసల పరిశ్రమ సరుకు కావాలి. ఈ నాలుగు అంకెలే మన మాత్రిక. ఇప్పుడు జనం తిండికి అదనంగా 60 కోట్ల పంట అందించాలని సర్కారు తలపెట్టింది. పరిశ్రమ ఎంత పెరగాలి?

అరవైని 0.40తో గుణించి 24 కోట్లన్నాను, అందరికన్నా ముందు చెయ్యెత్తి మరీ. మాస్టారు నవ్వి, "ఆ ఎరువు నింపే గోనెసంచి ఎక్కణ్ణుంచి వస్తుందోయ్?" అన్నారు. గోగు చేలోంచి. ఆ గోగుకు మళ్లీ ఎరువు!

ఈ గొలుసు తెగదు. చుట్టు చుట్టుకూ సన్నబడుతుంది, అంతే. చుట్లన్నిటినీ ఒక్కసారే కూడి పెట్టేది విలోమ మాత్రిక. యూనిట్ మాత్రికలోంచి మన మాత్రికను తీసేసి, మిగిలినదాని విలోమాన్ని డిమాండుతో గుణిస్తే పంట 90 కోట్లు, పరిశ్రమ 40 కోట్లు వస్తాయి. సరిచూసుకోండి: తొంభైలో 18 సేద్యానికే, 12 పరిశ్రమకు పోగా మిగిలేది 60. నా ఇరవై నాలుగును నమ్మి ప్రణాళిక వేస్తే 16 కోట్ల సరుకు తక్కువ పడేది. అప్పుడు ఎరువు కోసం క్యూలో నిలబడేది రైతు, నేను కాదు.

లియాంటీఫ్ అమెరికా పట్టికను మొదట ప్రచురించింది 1936లో. నోబెల్ బహుమతి వచ్చింది 1973లో. 1949లో 42 రంగాల లెక్క తేల్చడానికి హార్వర్డ్ మార్క్-2 యంత్రానికి 56 గంటలు పట్టింది. మన అయిదో ప్రణాళిక (1974-79) నమూనాలో 66 రంగాలున్నాయి. 2003-04 జాతీయ పట్టికలో అవి 130 అయ్యాయి. ప్రణాళికా సంఘం పోయి 2015లో నీతి ఆయోగ్ వచ్చినా పట్టికల అవసరం పోలేదు.

అయితే ఒక చిక్కుంది. ఆ 40 పైసలు ఏదో ఒక సంవత్సరం కొలిచినవి. రైతు ఎడ్లను అమ్మి ట్రాక్టరు పెట్టుకుంటే అవి 40గా ఉండవు. పాత పట్టికతో కొత్త ఏడాదికి పాలసీ చెప్పేవాళ్లను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

మాస్టారు మాత్రం ఆవేళ నా నోటుబుక్కులో 24ని కొట్టెయ్యలేదు. పక్కన ఎర్ర సిరాతో "ఇది మొదటి చుట్టు" అని రాశారు.